వేదిక వెనక గది: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

కళాక్షేత్రాలు కట్టుకుంటున్నవాళ్లు, పాత సభాభవనాలు బాగుచేసుకుంటున్నవాళ్లు రాసిన ఉత్తరాల్లో కుర్చీల గురించో ఏసీల గురించో అడిగినవి కొన్నే. ఎక్కువమంది అడిగింది ఒక్కటే: ఆట అయ్యాక సామాను ఎక్కడ పెట్టాలి, ఎలా పెట్టాలి? అందుకే ఈ నెల శీర్షికంతా దానికే ఇచ్చాం.

ప్రశ్న: మా నాటక సమాజానికి ఒక పాత బియ్యం గోడౌను దొరికింది. 250 కుర్చీల హాలుగా మారుస్తున్నాం. వేదిక 32 అడుగుల వెడల్పు, 24 అడుగుల లోతు. సామాను గదిని ఇంజినీరు గారు వేదిక కింద చూపించారు. చోటు కలిసొస్తుందంటున్నారు. ఒప్పుకోవచ్చా? – సమాజం కార్యదర్శి, తెనాలి

ఒప్పుకోవద్దు. మన ఊళ్లలో ఎన్నో హాళ్లలో కిరీటాలు, తెరలు, హార్మోనియాలు పాడైపోయింది ఆ వేదిక కింది చీకట్లోనే. నేల చెమ్మ పైకి వస్తుంది, గాలి ఆడదు, ఎలుకలకు దారి దొరుకుతుంది. పైగా ఒక్కో పెట్టెనూ వంగి లాగి, మెట్లెక్కించాలి. అక్కడ ఇనుప స్టాండ్లు, మడత బల్లలు, చెక్క దిమ్మెలు పెట్టుకోండి. తోలు, బట్ట, కాగితం, పట్టు మాత్రం పెట్టొద్దు. ఆ చోటుకు కూడా ఎదురెదురు గోడల్లో గాలి కన్నాలు వదిలి, పావు అంగుళం కంటే చిన్న కన్నాలున్న ఇనుప జాలీ బిగించాలి. ఎలుక పిల్ల దూరడానికి అంతకంటే పెద్ద కన్నం అక్కర్లేదు.

అసలు గది వేదిక మట్టానికే, వేదిక పక్కనే ఉండాలి. మీలాంటి హాలుకు వేదిక విస్తీర్ణంలో మూడో వంతు, అంటే సుమారు 250 చదరపు అడుగులు అడగండి. అంత రాకపోతే ప్రేక్షకుల వైపు ఒక వరస కుర్చీలు తగ్గించుకోండి. ఆ వరస నిండే రోజులు ఏడాదిలో తక్కువే, సామాను మాత్రం రోజూ ఉంటుంది. తలుపు రెండు రెక్కలది, 6 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు, గడప లేకుండా పెట్టించండి. పెద్దలు గడప ఉండాల్సిందేనంటే దాన్ని పెట్టెలు పోని పక్క తలుపుకు పెట్టండి. మట్టాల్లో తేడా వస్తే అంగుళం ఎత్తుకు అడుగు పొడవు చొప్పున వాలు ఇవ్వాలి. అంతకంటే నిటారుగా ఉంటే చక్రాల బండి మీది ట్రంకు పెట్టె వెనక్కి జారుతుంది.

గదికి ఏ గోడలు తగులుతున్నాయో చూడండి. స్నానాల గది గోడ, ట్యాంకు నుంచి దిగే పైపు ఉన్న గోడ, సాయంత్రం ఎండ కొట్టే పడమటి గోడ, ఈ మూడూ వద్దు. దేవుడి వేషాల సామానుకు ఈశాన్యం మూల కావాలని పెద్దలు అడుగుతారు. అక్కడ నీళ్ల పైపు లేకపోతే సంతోషంగా ఇవ్వండి, ఖర్చేమీ పెరగదు. అరలకు కన్నాల ఇనుప యాంగిళ్లు చాలు. కింది అర నేలకు 6 అంగుళాల పైన, వెనకవైపు గోడకు 3 అంగుళాల ఎడంగా ఉండాలి. ఆ ఎడంలో గాలి ఆడుతుంది, చెదల మట్టి బాట కూడా కంటపడుతుంది. గోడకు ఆనించేస్తే చెద పెట్టెలోకి చేరాకే తెలుస్తుంది.

కొలతలు గీసే ముందు మీ సామానులో అన్నిటికంటే పొడవైనది ఏదో టేపు పెట్టి చూడండి. నాటక సమాజాల్లో అది దాదాపుగా చుట్టిన తెరే. 30 అడుగుల తెర 20 అడుగుల గదిలో పట్టదు, అందుకే దాన్ని మడుస్తారు, మడత దగ్గర రంగు రాలుతుంది. అలాంటి తెరలకు గదిలో కాకుండా వేదిక వెనక గోడ పొడవునా, 9 అడుగుల ఎత్తులో బ్రాకెట్లు వేయించండి.

అరలను వస్తువుల వారీగా కాక ఆటల వారీగా సర్దుకోండి. కిరీటాలన్నీ ఒకచోట, గదలన్నీ ఒకచోట పెడితే ప్రదర్శన రోజు పది పెట్టెలు తెరవాలి. ఒక నాటకానికి కావాల్సినవన్నీ ఒక అరలో ఉంటే, ఆ అర ఖాళీ అయితే సామానంతా వేదికకు వెళ్లినట్టు, నిండితే తిరిగి చేరినట్టు. ప్రతి పెట్టె మీదా లోపలి వస్తువుల ఫోటో, పెద్ద తెలుగు అక్షరాల్లో పేరు అంటించండి. మోసేవాళ్లు కొత్తవాళ్లే అయినా తికమక పడరు.

ప్రశ్న: తాతగారి కాలం నాటి రంగుల తెరలు ఐదు మా దగ్గరున్నాయి. దర్బారు, అడవి, వీధి సీన్లు. ఇప్పుడు మడతలు పెట్టి ట్రంకులో ఉన్నాయి. ఎలా కాపాడుకోవాలి? మంటలంటుకోకుండా ఏదో మందు కొట్టమంటున్నారు, కొట్టొచ్చా? – పాఠకురాలు, కడప

మీ జిల్లాలోని సురభి గ్రామంలోనే 1885లో మొదలైన సురభి నాటకాలకు ఇలాంటి తెరలే ప్రాణం. వాటిని పారేయకుండా ఉంచినందుకు ముందుగా మీకు నమస్కారం.

చాలా పాత తెరల్లో పొడి రంగును జిగురుతోనో బంకతోనో కలిపి నూలు బట్ట మీద వేశారు. ఆ జిగురు నీళ్లకు కరుగుతుంది. కాబట్టి ఉతకడం, తడిగుడ్డతో తుడవడం, ఆవిరి ఇస్త్రీ, ఏవీ పనికిరావు. పొడి రోజు చూసుకుని, శుభ్రమైన దుప్పటి పరిచిన నేల మీద రంగు వైపు పైకి ఉండేలా విప్పండి. మెత్తటి వెడల్పు బ్రష్షుతో దుమ్మును ఒకే దిశలో తోయండి. వ్యాక్యూమ్ క్లీనర్ ఉంటే గొట్టం మూతికి దోమతెర గుడ్డ కట్టి, తక్కువ వేగంలో, తెరకు తగలకుండా పైపైన తిప్పండి. రంగు పొడిగా రాలే చోట ఆగిపోండి, అక్కడ బ్రష్షు కూడా వద్దు.

తర్వాత చుట్టాలి. రంగు వైపు బయటికి ఉండేలా చుట్టాలి, చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. రంగు లోపలికి ఉంటే చుట్టినప్పుడు ఆ పొర నలిగి ముడతలు పడి పెళ్లలుగా లేస్తుంది. చుట్టే గొట్టం ఎంత లావైతే అంత మంచిది, 6 అంగుళాలకు తగ్గొద్దు. లావు అట్ట గొట్టం దొరక్కపోతే డ్రైనేజీ పీవీసీ గొట్టం తీసుకుని, దానిమీద అల్యూమినియం ఫాయిలు ఒక చుట్టు, పైన ఉతికిన పాత నూలు గుడ్డ రెండు చుట్లు వేయండి. ప్లాస్టిక్కు నేరుగా తెరకు తగలకూడదు. చుడుతూ మధ్యలో పలచటి మల్లుగుడ్డ కలుపుతూ పోండి. చివర తాడుతో బిగించొద్దు, రెండంగుళాల వెడల్పు నూలు పట్టీలతో వదులుగా కట్టండి. గొట్టం లోంచి ఇనుప పైపు దూర్చి, దాని రెండు కొసలూ బ్రాకెట్ల మీద ఆనితే తెర బరువు తెర మీద పడదు. పైపు మధ్యలో వంగకుండా ఉండేంత మందం చూసుకోండి.

మంటల మందు సంగతి. మీ రంగుల తెరల మీద కొట్టొద్దు, నీళ్ల మందు రంగును కరిగించి చారలు దించుతుంది. కొత్తగా కుట్టించే సాదా నూలు తెరలకు, పక్క వింగుల బట్టకు మాత్రం వాడండి. 700 గ్రాముల వెలిగారం, 300 గ్రాముల బోరిక్ యాసిడ్ ఆరున్నర లీటర్ల వేడినీళ్లలో పూర్తిగా కరిగించి, బట్ట మొత్తం తడిసేలా ముంచి, పిండకుండా నీడలో ఆరేయాలి. చేతులకు తొడుగులు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. ఉతికితే మందు పోతుంది, మళ్లీ పెట్టాలి. పరీక్షకు అదే బట్ట చిన్న పేలిక ఒకటి దాచుకోండి. హాలు బయట పట్టకారుతో పట్టుకుని 12 సెకన్లు అగ్గిపుల్ల మంట చూపించి తీసేస్తే రెండు సెకన్లలో తనంతట తానే ఆరిపోవాలి. ఆరకపోతే మందు చాలలేదు. పాత తెరల రక్షణకు దీపాలను దూరం పెట్టడమే మార్గం. వేడెక్కే లైటుకు, తెరకు మధ్య కనీసం మూడడుగులు ఉంచండి. లైట్ల స్విచ్ బోర్డు పక్కన మంటలార్పే నాలుగున్నర కిలోల కార్బన్ డయాక్సైడ్ సిలిండరు, సామాను గది తలుపు బయట ఆరు కిలోల ఏబీసీ పొడి సిలిండరు తగిలించండి. లోపల తగిలిస్తే మంట వచ్చిన రోజున దాన్ని అందుకోలేరు.

ప్రశ్న: మా కొత్త కళాక్షేత్రం ముందు హాల్లో తోలుబొమ్మలను గాజు పలకల మధ్య బిగించి వెనక లైట్లు పెడదామని ఇంటీరియర్ డిజైనర్ చెప్పారు. పాత బొమ్మలు కొనాలా, కొత్తవా? – కమిటీ సభ్యురాలు, హిందూపురం

కొత్తవే చేయించండి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట మీకు అంత దూరమేమీ కాదు. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. అక్కడి కుటుంబాలు దీపపు షేడ్లు, గోడ పలకలు అలంకారం కోసమే చేస్తారు. ఆడిన బొమ్మను గోడకు బిగిస్తే మళ్లీ ఆడటానికి పనికిరాదు. రోజూ పది గంటల వెలుతురుకు రంగు వెలిసిపోతుంది, గాజుల మధ్య గాలాడక తోలు ఒకపక్క ముడుచుకుంటుంది.

అలంకారపు బొమ్మకైనా కొన్ని జాగ్రత్తలు కావాలి. వెనక ఎల్ఈడీ మాత్రమే, తోలుకు ఆరంగుళాల దూరంలో. గాజు ఒకవైపే, రెండోవైపు ఖాళీ. పై అంచునా కింది అంచునా అరంగుళం గాలి సందు. ఎండ తగిలే గోడ వద్దు. ఏ బొమ్మ ఎక్కడన్నది డిజైనర్ ఒక్కరే నిర్ణయించకుండా, చేసినవాళ్లను అడగండి. ఆట మొదట్లో వినాయకుడు, సరస్వతి తెర మీదికి వస్తారు. ఆ బొమ్మలను మరుగుదొడ్డి దారిలోనో, మోకాలి ఎత్తులోనో పెడితే చూసిన ప్రతి కళాకారుడికీ మనసు నొచ్చుకుంటుంది. జుట్టుపోలిగాడు, బంగారక్క టికెట్ల గది పక్కన నిలబడితే పిల్లలు కూడా నవ్వుతూ లోపలికి వస్తారు.

ఆడే బొమ్మల కోసం లోపల వెడల్పు సొరుగులు చేయించండి. మన బొమ్మలు ఆరడుగుల దాకా ఉంటాయి కాబట్టి సొరుగు ఆరున్నర అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడంగుళాల లోతు. ఒక్కో సొరుగులో ఆరేడు బొమ్మలు, బొమ్మకూ బొమ్మకూ మధ్య నూలు గుడ్డ. కాళ్లూ చేతులూ మడిచి ఇరికించొద్దు, కీళ్ల దగ్గరి దారం తోలును కోస్తుంది. పాలిథిన్ కవరు అసలు వద్దు, లోపలే చెమ్మ పట్టి బూజు వస్తుంది. రాముడి బొమ్మనూ రావణుడి బొమ్మనూ ఒకే కట్టలో ఉంచని ఆనవాయితీ పాటించే కుటుంబాలున్నాయి. మీ బొమ్మలు ఏ కుటుంబానివో వాళ్లను అడిగి సొరుగుల వరస రాసుకోండి.

ఇంకొక మాట. ఆటలో యుద్ధం వచ్చినప్పుడు ఆడించేవాళ్లు చెక్క పలకలను తొక్కి చప్పుడు పుట్టిస్తారు. కాంక్రీటు వేదిక మీద ఆ చప్పుడు రాదు. రెండు గట్టి పలకలు, తెర కట్టడానికి పైన నాలుగు గట్టి కొక్కేలు మీ హాలు తరఫునే సిద్ధంగా ఉంచితే వాళ్లు ఎంతో సంతోషిస్తారు.

ప్రశ్న: మా టౌన్‌హాల్లో ఒగ్గు కథ, చిందు యక్షగానం పెట్టించినప్పుడల్లా ఏదో ఒక పేచీ. డప్పులు కాచుకుంటే వాచ్‌మన్ అరుస్తాడు, సాంబ్రాణి వేస్తే అలారం మోగుతుంది, కార్పెట్ నిండా పసుపు. హాలును ఎలా మార్చాలి? – యువజన సంఘం, జనగామ

డప్పు తోలు చల్లబడితే మోత పోతుంది. సెగ చూపించి బిగువు తెప్పించడం ఆ వాయిద్యంలో భాగమే. చోటు చూపించకుండా అరిస్తే కళాకారులు మెట్ల కింద కాచుకుంటారు, అది ఇంకా ప్రమాదం. వెనక తలుపు నుంచి పదిహేను అడుగుల దూరంలో, పైన రేకు గానీ చెట్టుకొమ్మ గానీ లేనిచోట, నాలుగడుగుల చదరం ఇటుక పరిచి, చుట్టూ అడుగు ఎత్తు గోడ కట్టండి. పక్కన రెండు ఇసుక బకెట్లు, ఒక నీళ్ల కుళాయి. అక్కడి నుంచి వేదికకు దారి సూటిగా ఉండాలి, తిరిగి వచ్చేలోపు తోలు చల్లబడకూడదు.

వేదిక పైన పొగను పట్టే అలారం బదులు వేడిని పట్టే అలారం పెట్టమని ఫైర్ అధికారులను రాతపూర్వకంగా అడగండి. సాంబ్రాణికీ హారతికీ అది మోగదు. పూజ సమయంలో అలారం ఆపేసి తర్వాత మర్చిపోవడమే అసలు ముప్పు. కార్పెట్ తీసేయండి. ఒగ్గు పూజారులు రంగుల పొడులతో పట్నం అనే ముగ్గు వేస్తారు. ఆ పొడి ఊడ్చుకోగలిగే గచ్చు గానీ చెక్క గానీ కావాలి.

చిందు కళాకారుల కిరీటాలు, భుజకీర్తులు పొణికి కర్రతో చేసినవి. తేలికైనవి, అంతే సుకుమారం. పురుగు తొందరగా పడుతుంది, పైన బరువు పడితే విరుగుతాయి. కిరీటాన్ని అంచు మీద నిలబెట్టకుండా, తల పరిమాణంలో గుడ్డ చుట్టిన చెక్క దిమ్మెకు తొడగండి. ఎత్తు అరలో, ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని మీద ఒకటి ఎప్పుడూ వద్దు. అర మీద సన్నటి తెల్లపిండి లాంటి పొడి కనిపిస్తే పురుగు తొలుస్తోందని అర్థం. ఆ వస్తువును వెంటనే వేరే గదికి మార్చండి.

దేవుడి వేషం సామానుకు విడిగా తలుపున్న అర ఇవ్వండి. తంజావూరు దగ్గరి మేలట్టూరులో ఏటా తెలుగులోనే ఆడే భాగవత మేళంలో నరసింహుడి వేషానికి పెట్టుకునే మాస్కును గుడిలో ఉంచి పూజిస్తారు. మీ కళాకారుల్లోనూ అలాంటి ఆచారం ఉంటే తాళం చెవి వాళ్ల దగ్గరే ఉంచండి. చెప్పుల స్టాండు ఆ గది బయట పెట్టండి.

ప్రశ్న: సముద్రం పక్కన మా హాలు. వీణలు, మృదంగాలు పెట్టిన గదిలో కచేరీ రోజున మాత్రం ఏసీ వేస్తాం. మృదంగం శ్రుతి నిలవడం లేదు. – సంగీత సభ, విశాఖపట్నం

ఏసీ ఒక రోజు వేసి ఆరు రోజులు ఆపడమే కారణం. తోలు చెమ్మకు వదులవుతుంది, పొడికి బిగుస్తుంది. ఆ ఊగిసలాటలో కుడి మూత మధ్యనున్న నల్లటి మందు పగుళ్లిస్తుంది. ఏసీ కంటే రోజుకు 20 లీటర్ల నీరు లాగే డీహ్యుమిడిఫయర్ ఒకటి పెట్టి, గాలిలో తేమ 50 నుంచి 60 శాతం మధ్య ఏడాదంతా నిలపండి. కొలిచే చిన్న మీటరు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది, తలుపు దగ్గర కాకుండా వాయిద్యాల మధ్య పెట్టండి.

కచేరీ అవగానే మృదంగం ఎడమ మూతకు పెట్టిన రవ్వ ముద్దను పూర్తిగా తీసి, తడి గుడ్డతో తుడిచి, ఆరాకే సంచిలో పెట్టాలి. మిగిలిన రవ్వకు బొద్దింక వస్తుంది, రవ్వతో పాటు తోలునూ కొరుకుతుంది. వాయిద్యాన్ని పడుకోబెట్టి, రెండు మూతలకూ ఏదీ తగలకుండా, వంపు తిరిగిన చెక్క ఊయల మీద ఉంచండి. వీణను అటక మీద ఎప్పుడూ పెట్టొద్దు. తీగల కింది మెట్లు నిలిచేది మైనంలో. మే నెలలో పైకప్పు వేడికి మైనం మెత్తబడి మెట్లు కదులుతాయి, అప్పుడు మళ్లీ మెట్లు కట్టించాల్సిందే.

ప్రశ్న: మా గుడి ఆడిటోరియంలో తెలుగు నాటకాలు, కూచిపూడి జరుగుతాయి. చలికాలంలో వీణ పగిలింది. జ్యోతి ప్రజ్వలనకు ఫైర్ మార్షల్ ఒప్పుకోవడం లేదు. – ధర్మకర్తల మండలి సభ్యుడు, న్యూజెర్సీ

మీది విశాఖ సమస్యకు పూర్తిగా తలకిందులు. హీటర్లు నడిచే చలికాలంలో లోపలి తేమ 30 శాతం కంటే పడిపోతుంది. పనస చెక్క ఎండి చీలుతుంది. సామాను గదిలో హ్యుమిడిఫయర్ పెట్టి 40 నుంచి 45 దగ్గర ఆపండి. అంతకు మించితే చల్లటి బయటి గోడ మీద నీటి చుక్కలు పట్టి బూజు వస్తుంది. వీణ గట్టి పెట్టెలో ఉంటే, 49 శాతం అని రాసి ఉండే తేమ ప్యాకెట్లు మూడో నాలుగో లోపల వేయండి. గట్టిపడ్డాక మార్చేయాలి.

దీపం విషయంలో వాదన కంటే కాగితం పనిచేస్తుంది. రెండడుగుల ఇనుప పళ్లెంలో రెండంగుళాల ఇసుక, మధ్యలో కుంది, చుట్టూ ఆరడుగుల్లో తెర గానీ పూలమాల గానీ లేకుండా, పక్కన సిలిండరుతో ఒక మనిషి, పది నిమిషాల్లో ఆర్పేస్తామన్న హామీ. ఇదంతా బొమ్మగా గీసి ముందుగానే ఇవ్వండి. అనుమతి రాకపోతే గర్భగుడి దీపానికి నమస్కరించి, వేదిక మీద బ్యాటరీ ఒత్తి వాడండి. అనుమతి లేకుండా మాత్రం వెలిగించొద్దు. సామాను గదిలో స్ప్రింక్లర్ల కింద 18 అంగుళాల ఖాళీ వదలాలి. పెట్టెలు పైదాకా పేరిస్తే నీళ్లు పరుచుకోవు. మామిడాకుల తోరణం ఆ పైపులకు కట్టొద్దు.

ప్రశ్న: కూచిపూడిలో పళ్లెం అంచు మీద నిలబడి ఆడే తరంగం చేసినప్పుడు ఇత్తడి పళ్లెం అంచుకు వేదిక చెక్క గీతలు పడుతోంది. పాలిష్ చేయిస్తే జారుతోంది. – నాట్యాచార్యులు, విజయవాడ

పాలిష్ వద్దు. చెక్క మీద 6 మిల్లీమీటర్ల హార్డ్‌బోర్డు పరిచి, మెరుపు లేని నల్ల రంగు వేయండి. అరిగిన పలక ఒక్కటే మార్చుకోవచ్చు. స్క్రూల తలలు పలకలోకి దిగి ఉండాలి, వట్టి కాళ్లు కదా. పళ్లేలను ఒకదానిలో ఒకటి పేర్చకుండా నిలువుగా గాడి చెక్కలో పెట్టండి. అంచు సొట్ట పడితే పళ్లెం ఒకవైపు లాగుతుంది. గజ్జెలను నేల మీద వదలకుండా ఛాతీ ఎత్తులో చిలక్కొయ్యలకు తగిలించండి. చెమట ఆరకుండా డబ్బాలో పెడితే రాత్రికి రాత్రే మొదలయ్యే చిలుము తోలు పట్టీని తినేస్తుంది. సత్యభామ వేషానికి పెట్టే జడను మడవకుండా నాలుగున్నర అడుగుల పళ్లెం లాంటి సొరుగులో పడుకోబెట్టండి.

ప్రశ్న: పట్టు ఆహార్యంలో కలరా ఉండలు వేయొచ్చా? – పాఠకురాలు, రాజమహేంద్రవరం

జరీకి తగలకుండా, గుడ్డ మూటలో కట్టి, అర మూలలో అయితే వేయొచ్చు. పిల్లలు దుస్తులు మార్చుకునే గదిలో వద్దు. వస కొమ్ము ముక్కల మూట అంతకంటే మేలు, ఆరు నెలలకోసారి మార్చండి. అయితే పురుగు కంటే చెమటే జరీని ఎక్కువ నల్లబరుస్తుంది. ప్రదర్శన అయిన రాత్రే తిరగేసి, నీడలో, ఫ్యాను కింద ఆరేయండి. మల్లుగుడ్డలో చుట్టండి. మూడు నెలలకోసారి మడత మార్చండి.

ప్రశ్న: పాత సమాజం మేకప్ పెట్టెలో పసుపురంగు రాళ్లు, తెల్ల పొడి దొరికాయి. పిల్లల నాటకానికి వాడొచ్చా? – ఉపాధ్యాయుడు, నరసరావుపేట

వాడొద్దు. ఆ పసుపు రాయి అరిదళం కావచ్చు, అది పాషాణపు (ఆర్సెనిక్) ఖనిజం. తెల్ల పొడి సఫేదా అయితే అందులో సీసం ఉండే అవకాశం ఉంది. పొడి లేవకుండా, ఊదకుండా, చేతికి తొడుగు వేసుకుని డబ్బాతో సహా రెండు మందపాటి కవర్లలో కట్టి, ‘విషం – వాడరాదు’ అని రాసి తాళం వేయండి. చెత్తలో గానీ కాలవలో గానీ పడేయకుండా, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోటు ఎక్కడుందో మున్సిపాలిటీలో అడిగి అప్పగించండి. పెట్టె లోపలి చెక్కను కూడా తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డనూ అందులోనే కట్టేయండి.